వైబ్రేషన్ మానిటరింగ్ ఉద్యోగంలో అమ్మాయిలకి ఎదుగుదల ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది పాలకొల్లు దగ్గర ఊరు, మెకానికల్ డిప్లొమా పూర్తయింది. కాకినాడలో ఒక సర్వీసు కంపెనీ మిమ్మల్ని కండిషన్ మానిటరింగ్ ట్రైనీగా రమ్మంది. ఫ్యాక్టరీలు తిరిగి పంపులు, మోటార్లు, ఫ్యాన్ల వైబ్రేషన్ (అదురు) రీడింగులు తీసి, మెషీన్ పాడవకముందే లోపం పట్టుకునే పని. ఇంకో ఆఫర్ హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం, కుర్చీలో కూర్చుని చేసేది, జీతం కాస్త ఎక్కువ. నాన్నగారేమో "ఆడపిల్లకి మెషీన్ల దగ్గర పనేంటమ్మా" అంటున్నారు. ఈ లైన్‌లో ఆడవాళ్ళు పైకి రాగలరా, మగవాళ్ళ మధ్య ఎలా పనిచేయాలి, పెళ్ళయ్యాక వదిలేయాల్సి వస్తుందా, రెండేళ్ళ బాండు అడుగుతున్నారు, రాయచ్చా అని అడిగారు.

కాకినాడ ఉద్యోగంలో చేరండి. ఎదుగుదల ఉంది, అడిగేవాళ్ళు ఉన్నారు, పెళ్ళయ్యాక కూడా నిలబెట్టుకోగలిగిన పని. కానీ ఒక్క షరతు. మొదటి రెండేళ్ళు రీడింగులు తీసి రిపోర్టు టైపు చేయడంతో ఆగిపోకండి. మెషీన్ విప్పే చోట, చేతికి గ్రీజు అంటే చోట ఉండండి. ఈ ఫీల్డ్‌లో పైకి వచ్చిన ఆడవాళ్ళని, మధ్యలో ఆగిపోయిన వాళ్ళని ఇద్దరినీ దగ్గర నుంచి చూశాను. తేడా దాదాపు ఎప్పుడూ ఇక్కడే కనిపించింది. నేను గోదావరి జిల్లాల ప్లాంట్లలో మెయింటెనెన్స్‌లో ఇరవై ఏళ్ళకి పైగా ఉన్నాను, అందులో ఎక్కువ కాలం వైబ్రేషన్ అనాలిసిస్‌లోనే.

ముందు పని ఉందా అన్న సంగతి. మన డెల్టా అంటే వరి, కొబ్బరి, రొయ్య అనుకుంటాం గానీ, తిరిగే మెషీన్లకి ఇక్కడ కొదవ లేదు. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలు, నూనె రిఫైనరీలు, పోర్టు. గాడిమొగలో గ్యాస్ టెర్మినల్, తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ. రాజమండ్రిలో పేపర్ మిల్లు, తణుకులో చక్కెర, కొవ్వూరు, సగ్గొండల్లో కెమికల్ ప్లాంట్లు. పట్టిసీమ ఎత్తిపోతల్లో 24 పెద్ద నిలువు పంపులు. వీటికి తోడు మండపేట, రామచంద్రపురం వైపు రైస్ మిల్లులు, భీమవరం చుట్టూ ఐస్ ఫ్యాక్టరీలు, మేత ప్లాంట్లు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు. ఇందులో పెద్ద ప్లాంట్లకి సొంత మానిటరింగ్ టీములు ఉంటాయి. మధ్య తరహా వాళ్ళు బయటి సర్వీసు కంపెనీలని పిలుస్తారు. మీ ఆఫర్ అలాంటి కంపెనీ నుంచే. ట్రైనీకి అది ఒక రకంగా మేలు. ఒకే ప్లాంటులో చేరితే అవే మెషీన్లు చూస్తారు. సర్వీసు కంపెనీలో అయితే ఇవాళ పేపర్ మిల్లు వాక్యూమ్ పంపు, రేపు అమ్మోనియా కంప్రెసర్, ఎల్లుండి బాయిలర్ ఫ్యాన్ చూస్తారు.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే అది నన్ను ఎప్పటి నుంచో బాధిస్తున్న విషయం. లోపలికి వెళ్తే తల తీసేవాళ్ళు, వలిచేవాళ్ళు, గ్రేడింగ్ చేసేవాళ్ళు వరసగా ఆడవాళ్ళే. అదే గోడ అవతల కంప్రెసర్ రూమ్‌లోకి వెళ్తే నేను చూసిన చోటల్లా ఒక్క ఆడమనిషి లేదు. ఫ్రీజర్ కన్వేయర్ దగ్గర రోజంతా నిలబడే అక్కకి, ఆ మెషీన్ శబ్దం మారిందని అందరికంటే ముందు తెలుస్తుంది. ఆమెని అడిగేవాళ్ళు ఉండరు. మీలాంటి వాళ్ళు ఆ కంప్రెసర్ రూమ్‌లోకి నడిచి వెళ్తే, హాల్లో ఉన్న వాళ్ళ కూతుళ్ళకి కూడా ఒక దారి కనిపిస్తుంది. ఇది మీ ఒక్కరి ఉద్యోగం విషయం మాత్రమే కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మెషీన్ విప్పే చోట ఉండండి అని ఎందుకన్నానో చెబుతాను.

మండపేట వైపు ఒక ఉప్పుడు బియ్యం మిల్లు. ఊకతో నడిచే బాయిలర్, దానికి పొగ లాగే ఐడీ ఫ్యాన్. ఆ ఫ్యాన్‌కి బేరింగులు నిలవడం లేదని పిలిచారు. "ఏం చెప్పమంటారండీ, బేరింగులే నాసిరకం వస్తున్నాయండి ఇప్పుడు" అన్నారు ఓనరు గారు. మా టీములో అప్పటికి కొత్తగా చేరిన అమ్మాయి రీడింగు తీసింది. అడ్డంగా సెకనుకు 9 మిల్లీమీటర్లు, నిలువుగా అందులో సగం, షాఫ్ట్ పొడవునా చాలా తక్కువ. స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ వేగం దగ్గర ఎంత అదురుందో గీతలుగా చూపే గ్రాఫ్‌లో, ఒకే ఒక్క పెద్ద గీత, సరిగ్గా ఫ్యాన్ తిరిగే వేగం దగ్గర. మన చేతిలో ఉండే పుస్తకాలు దీన్ని అన్‌బ్యాలెన్స్ అంటాయి, అంటే తిరిగే భాగంలో ఒక వైపు బరువు ఎక్కువ. రీడింగులతో ఆగిపోయే మనిషి "అన్‌బ్యాలెన్స్, బ్యాలెన్సింగ్ చేయించండి" అని రాసి వచ్చేస్తుంది. రాసింది తప్పు కాదు. కానీ ఆ మాట మీద బ్యాలెన్సింగ్ వాళ్ళని పిలిపించి వెయిట్లు పెట్టిస్తే నెల తిరక్కుండా మళ్ళీ మొదటికే వస్తుంది.

ఆ అమ్మాయి ఫ్యాన్ ఆపించి, ఎవరూ స్విచ్ వేయకుండా ప్యానెల్ దగ్గర తాళం వేయించి, పక్కనున్న చిన్న తలుపు తీయించి టార్చి పెట్టి చూసింది. రెక్కల వెనక వైపు ఊక బూడిద గట్టిగా పేరుకుని ఉంది. రెండు రెక్కల మీద మందంగా ఉంది, మిగతా వాటి మీద పెచ్చులూడి పోయింది. అసలు కథంతా అక్కడుంది. బేరింగు మార్చిన ప్రతిసారీ కొన్నాళ్ళు ఎందుకు బాగుండేదంటే, మార్చడం కోసం ఫ్యాన్ ఆపితే చల్లబడి కొంత బూడిద రాలేది. రాలిన పుణ్యాన వైబ్రేషన్ తగ్గితే, ఆ పేరు కొత్త బేరింగుకి వచ్చేది. గండి పడిన చోట కట్టకుండా పొలంలో నీళ్ళు తోడుకున్నట్టు, ఏడాది పొడవునా బేరింగులు మారుస్తూ వచ్చారు. రేకుతో గీకి, వైర్ బ్రష్ కొట్టి, మళ్ళీ నడిపితే రీడింగు 2కి దగ్గరగా వచ్చింది. బ్యాలెన్సింగ్ అవసరమే పడలేదు. నెలకోసారి ఆపి రెక్కలు శుభ్రం చేయండి అని రాసిచ్చాం.

ఆ రోజు తర్వాత ఆ మిల్లు ఫిట్టరు మా ఆఫీసుకి ఫోన్ చేస్తే "ఆ అమ్మాయిగారిని పంపండి" అనేవాడు. మగా ఆడా అన్న ప్రశ్న అక్కడితో ముగిసింది. మీకు గౌరవం అలా వస్తుంది. వేరే దారి నాకైతే తెలియదు.

తీసిన బేరింగుని పారేయనివ్వకండి. ఇది నా దగ్గర చేరే ప్రతి ట్రైనీకి చెప్పే మాట. మీరు "ఈ పంపు బేరింగు బయటి రింగులో దెబ్బ ఉంది" అని రిపోర్టు ఇచ్చారనుకోండి. ఆ పంపు ఎప్పుడు ఆపుతారో కనుక్కుని ఆ రోజు అక్కడ ఉండండి. బేరింగు తీశాక అడిగి తీసుకోండి, వర్క్‌షాప్‌లో కట్ చేయించండి, కిరోసిన్‌తో కడిగి వెలుతురులో చూడండి. బాల్స్ పరుగెత్తే దారిలో మెంతిగింజంత పెచ్చు లేచిన మచ్చ కనిపిస్తే, మీ స్క్రీన్ మీద చూసిన గీతకి అది రూపం. ఏమీ కనిపించకపోతే అది ఇంకా పెద్ద పాఠం, ఎందుకంటే మీ లెక్క ఎక్కడో తేడా కొట్టింది. దెబ్బ ఏ వైపు ఉంది, రంగు మారిందా, గ్రీజు నల్లబడిందా, లోపల తుప్పు ఉందా అన్నవన్నీ కారణం చెబుతాయి. కోస్తాలో ఉప్పుగాలి, వానాకాలం తేమ వల్ల తుప్పుతో పోయే బేరింగులు ఎక్కువే. అన్నిటినీ "ఓవర్‌లోడ్" అనేసి వదిలేస్తారు. ఫోటో తీసి, తేదీ రాసి దాచుకోండి. రెండేళ్ళలో అది మీ సొంత పుస్తకం అవుతుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ ఫోటోలకే విలువ ఎక్కువ.

మొదటి ఏడాదిలో నేర్చుకోవాల్సినవి చాలా ఉంటాయి, అన్నీ ఇక్కడ రాయను. కొన్ని మాత్రం చెబుతాను, ఎందుకంటే క్లాసులో వీటి మీద సమయం పెట్టరు.

బేరింగు నంబరు చదవడం. 6312 అంటే చివరి రెండంకెలు 12ని 5తో గుణిస్తే 60 మిల్లీమీటర్లు, షాఫ్ట్ సైజు. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది. స్టోర్స్ వాళ్ళ ముందు నోటితో చెప్పగలిగితే మిమ్మల్ని చూసే తీరు మారుతుంది. అలాగే వేగం లెక్క. మన కరెంటు 50 హెర్ట్జ్, నాలుగు పోల్స్ మోటారు లోడు మీద సుమారు 1480 ఆర్‌పీఎం తిరుగుతుంది, అంటే సెకనుకు 24.7 చుట్లు. ఆ అంకె దగ్గర గీత పెరిగితే ఎక్కువగా బరువు తేడా. దానికి రెండింతల దగ్గర పెరిగితే కప్లింగ్ (మోటారుని పంపుకి కలిపే భాగం) అలైన్‌మెంట్ చూడాలి. వరసగా చాలా గీతలు లేస్తే బోల్టులు వదులు. 100 హెర్ట్జ్ దగ్గర లేస్తే మోటారు కరెంటు వైపు అనుమానం, మోటారు ఆపిన క్షణంలో అది మాయమైతే అనుమానం నిజమే. బేరింగు బయటి రింగు దెబ్బకి చేతి లెక్క: బాల్స్ సంఖ్యని 0.4తో గుణించండి. 8 బాల్స్ అయితే వేగానికి 3.2 రెట్లు. లోపలి రింగుకి 0.6తో. ఇవి సుమారు లెక్కలే, సరైన అంకె బేరింగు కేటలాగులో ఉంటుంది. అయినా మెషీన్ పక్కన నిలబడి ఉన్నప్పుడు ఇవే అక్కరకొస్తాయి.

రీడింగు ఎప్పుడూ ఒకే చోట తీయండి. పెయింటుతో చిన్న చుక్క పెట్టించండి. ఈ నెల బేరింగు మీద, వచ్చే నెల కవర్ మీద తీస్తే ట్రెండు అబద్ధం చెబుతుంది. పంపు ఎంత లోడు మీద ఉందో రాయండి. గట్టి ఫౌండేషన్ మీదున్న మధ్య సైజు మోటారుకి ఐఎస్‌ఓ ప్రమాణం ప్రకారం సెకనుకు 4.5 మిల్లీమీటర్లు దాటితే ప్రమాదం జోన్. కానీ 1.2 దగ్గర ఏళ్ళ తరబడి ఉన్న మెషీన్ ఒక్కసారిగా 2.6కి వచ్చిందంటే, ప్రమాణం ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి.

వానాకాలం మన ప్రాంతపు ప్రత్యేక సబ్జెక్టు. ఆగి ఉన్న స్టాండ్‌బై మోటార్ల వైండింగ్‌లోకి చెమ్మ చేరుతుంది. ఆన్ చేయగానే కాలిపోతుంది. ముందుగా మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూడాలి. 415 వోల్టుల మోటారుకి పాత పద్ధతిలో కనీసం ఒకటిన్నర మెగా ఓములు చూసేవారు, ఇప్పటి మోటార్లకి 5 ఉండాలంటారు. ఇంకొకటి చాలామందికి తెలియదు. నడుస్తున్న పంపు పక్కన ఆగి ఉన్న పంపుకి నేల గుండా అదురు తగిలి, కదలకుండా ఉన్న బాల్స్ కిందే రింగు మీద గుంటలు పడతాయి. కొత్త పంపు, ఒక్కరోజు నడవని పంపు, మొదలుపెట్టగానే గోల చేస్తుంది. వారానికోసారి షాఫ్ట్‌ని చేత్తో ఒక చుట్టూ పావూ తిప్పితే చాలు, బాల్స్ పాత చోటే ఆగకుండా ఉంటాయి. తిప్పే ముందు ప్యానెల్ దగ్గర తాళం పడిందో లేదో చూసుకోవాలి.

బలం సంగతి నాన్నగారు తప్పకుండా అడుగుతారు. 75 కిలోవాట్ల మోటారు అర టన్ను దాకా తూగుతుంది. దాన్ని ఎత్తే మగవాడు కూడా లేడు, చెయిన్ బ్లాకు ఎత్తుతుంది. బేరింగుని ఇండక్షన్ హీటర్ మీద 110 డిగ్రీల దాకా వేడి చేస్తే లోపలి రింగు సాగి షాఫ్ట్ మీదకి చేత్తో జారుతుంది. సుత్తితో బాది ఎక్కించే చోట బలం కావాల్సిందే, కానీ అలా ఎక్కించిన బేరింగు అప్పుడే సగం చచ్చినట్టు. పుల్లర్, టార్క్ రెంచి, డయల్ గేజ్, షిమ్ములు, వీటికి కావాల్సింది ఓపిక, లెక్క. సరైన టూల్ లేని చోట మాత్రమే ఈ పని కండబలం పని అవుతుంది. అలాంటి చోట మగవాళ్ళ నడుములు కూడా విరుగుతున్నాయి.

చట్టం అడ్డమని ఎవరైనా చెబితే కంగారు పడకండి. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లో, తిరుగుతున్న మెషీన్ భాగాలని శుభ్రం చేయడం, నూనె పెట్టడం, సరిచేయడం ఆడవాళ్ళతో చేయించకూడదని ఉండేది. అదే చూపించి "మెయింటెనెన్స్‌కి ఆడవాళ్ళని తీసుకోలేం" అనేవారు. తిరుగుతున్న మెషీన్‌లో చెయ్యి ఎవరూ పెట్టకూడదు, మగవాళ్ళయినా సరే. బయట నుంచి అయస్కాంతంతో సెన్సార్ పెట్టి రీడింగు తీయడం అందులోకి రాదు. రాత్రి పని మీదా 66వ సెక్షన్ ఆంక్ష ఉండేది. వృత్తి భద్రత మీద 2020లో చేసిన కొత్త కోడు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడవాళ్ళు అన్ని రకాల పనులూ చేయవచ్చని అందులో 43వ సెక్షన్ చెబుతోంది. సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6 లోపు పని అయితే మీ సమ్మతి ఉండాలి, భద్రత ఏర్పాట్లు యజమాని చూడాలి. సమ్మతి అంటే మీరు కాదనవచ్చు, అవుననవచ్చు. షట్‌డౌన్ రాత్రులు, అంటే ప్లాంటు ఆపి రిపేర్లు చేసే రాత్రులు, నేర్చుకోవడానికి మంచి రాత్రులు. రవాణా ఉంటే, తోడు ఇంకో ఆడమనిషి ఉంటే వెళ్ళండి. ఆ రెండూ లేకపోతే కాదనండి, కారణం చెప్పండి, మొహమాటపడకండి.

బాత్‌రూమ్ విషయం ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. ఫీల్డ్‌లో ఆడవాళ్ళకి టాయిలెట్ దూరంగా ఉంటుందని నీళ్ళు తాగడం మానేస్తారు. మే నెలలో బాయిలర్ హౌస్‌లో అది ఆసుపత్రికి దారి. చేరిన మొదటి రోజే ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. కొత్త ప్లాంటుకి వెళ్ళే ముందు ఫోన్‌లోనే అడగండి. బట్టల దగ్గరకొస్తే, కప్లింగ్ దగ్గర చున్నీ, వదులు జడ, గాజులు ప్రాణం తీస్తాయి. కాటన్ ప్యాంటు, షర్టు, జుట్టు ముడి వేసి హెల్మెట్ లోపలికి. సేఫ్టీ బూట్లు మీ సైజువే కావాలని అడగండి, పెద్ద సైజు బూట్లలో సాక్సులు కుక్కుకుని నిచ్చెన ఎక్కకండి. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం. అందులో ఎవరున్నారో పేర్లు అడిగి రాసుకోండి. అవసరం పడకపోవచ్చు, అడిగారని తెలియడమే సగం రక్షణ.

మగవాళ్ళతో ఎలా అన్నారు. పాత ఫిట్టర్లలో చాలామంది మంచివాళ్ళు, పని తెలిసినవాళ్ళు. స్క్రూడ్రైవర్ ఒక కొన బేరింగు మీద, ఇంకో కొన చెవి దగ్గర పెట్టి వినేవాళ్ళని గౌరవించండి. "బాబాయ్, మీకేం వినిపిస్తోంది?" అని ముందు అడిగి, తర్వాత మీ రీడింగు చూపించండి. రెండూ కలిస్తే ఆయన మీ మనిషి. కలవకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. రిపోర్టు కూడా ఆయన చేతికి వెళ్ళేలా రాయండి. "బీపీఎఫ్‌ఓ హార్మోనిక్స్ గమనించబడినవి" అని రాస్తే ఎవరూ కదలరు. "మోటారు ఫ్యాన్ వైపు బేరింగు పోతోంది, రెండు వారాల లోపు మార్చండి, నంబరు 6312, స్టోర్స్‌లో ఉందో లేదో ఇవాళే చూడండి" అని రాస్తే పని జరుగుతుంది.

ఇబ్బంది ఎక్కువగా వచ్చేది ఫిట్టర్ల దగ్గర కాదు, మధ్యలో ఉండే సూపర్‌వైజర్ల దగ్గర. ఒకచోట నా దగ్గర పనిచేసిన ఇద్దరమ్మాయిలని, జాగ్రత్త పేరు చెప్పి, ఏసీ రూమ్‌లో రిపోర్టులకే కూర్చోబెట్టారు. వాళ్ళతో పాటు చేరిన అబ్బాయిలు షట్‌డౌన్లలో తిరిగి గేర్‌బాక్సులు విప్పారు. ప్రమోషన్ల సమయానికి "వీళ్ళకి ఫీల్డ్ అనుభవం లేదు" అన్నారు. ఆ జాగ్రత్తలో దురుద్దేశం లేకపోవచ్చు, ఫలితం మాత్రం నష్టమే. అందుకే చేరిన మూడు నెలల్లో, నోటి మాటగా కాకుండా మెయిల్‌లో, "నన్ను వచ్చే షట్‌డౌన్‌లో మెకానికల్ టీముతో వేయండి" అని అడగండి. మర్యాదగా అడగండి, మళ్ళీ అడగండి.

ఎదుగుదల మెట్లు ఇలా ఉంటాయి. వైబ్రేషన్ అనలిస్టులకి ఐఎస్‌ఓ 18436 ప్రమాణం రెండో భాగం కింద నాలుగు కేటగిరీలు. మొదటి దానికి 6 నెలల అనుభవం, రెండోదానికి 18 నెలలు, మూడోదానికి 36, నాలుగోదానికి 60. ఒకటో కేటగిరీ పరీక్షలో 60 ప్రశ్నలు, రెండు గంటలు, పాసవడానికి 70 శాతం. డిప్లొమా లెక్కలు గుర్తుంటే ఇబ్బంది లేదు. మొదటి కేటగిరీ దగ్గర ఆగిపోతే రీడింగులు తీసే మనిషిగానే మిగులుతారు, రెండోది వస్తేనే సమస్య ఏమిటో చెప్పే మనిషి అవుతారు. కాబట్టి రెండో కేటగిరీ మీ మొదటి గమ్యం. దానితో పాటు థర్మోగ్రఫీ (కెమెరాతో వేడిని చూడటం), ఆయిల్ అనాలిసిస్, అల్ట్రాసౌండ్‌లలో ఒకటి. ఆ తర్వాత రిలయబిలిటీ ఇంజనీర్, ఏ మెషీన్ ఎప్పుడు ఆపాలో నిర్ణయించే కుర్చీ. డిప్లొమాతో మొదలుపెట్టిన వాళ్ళు పార్ట్‌టైమ్‌లో బీటెక్ చేసుకుంటే ఆ కుర్చీకి దారి తేలికవుతుంది.

పెళ్ళి, పిల్లల సంగతికి వద్దాం. మెయింటెనెన్స్‌లోని మిగతా పనులకంటే ఈ పనికి ఇక్కడ ఒక మేలు ఉంది. ఇప్పుడు వైర్‌లెస్ సెన్సార్లు మెషీన్ల మీదే ఉండిపోయి డేటా పంపుతున్నాయి. రెండో, మూడో కేటగిరీ అనలిస్టు ఎక్కడో కూర్చుని నాలుగు ప్లాంట్ల డేటా చూడగలదు. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు. తిరిగొచ్చాక కొంతకాలం డెస్క్ పని అడిగి తీసుకున్న వాళ్ళు నాకు తెలుసు, వాళ్ళ మాటకి విలువ తగ్గలేదు. కారణం, అంతకుముందే మెషీన్లు విప్పి చూశారు. ఎప్పుడూ విప్పని మనిషి దూరం నుంచి డేటా చూస్తే, ప్రతి గీతకీ "బేరింగు" అంటుంది. ఇప్పుడు ఆ మాట సాఫ్ట్‌వేరే చెప్పేస్తోంది, దానికి మనిషి అక్కర్లేదు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు అయ్యలసోమయాజుల లలిత గారి గురించి చెప్పండి. తెలుగింటి అమ్మాయి, 18 ఏళ్ళకే భర్త పోయారు, ఒళ్ళో నెలల పాప. గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి 1943లో పూర్తి చేశారు, దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. తర్వాత కలకత్తాలో ఒక పెద్ద ఎలక్ట్రికల్ కంపెనీలో చేరి భాక్రానంగల్ విద్యుత్ లైన్ల డిజైన్ మీద పనిచేశారు. ఆవిడ మొదటి ఉద్యోగానికి సిమ్లా ఎంచుకోవడానికి ఒక కారణం, పాపని చూసుకోవడానికి సోదరుడి కుటుంబం అక్కడ ఉండటం. నేను చూసిన అమ్మాయిల్లో నిలబడిన వాళ్ళకి కూడా అలాంటి ఇల్లు ఒకటి దగ్గర్లో ఉంది. కాకినాడలో మీకు పిన్నో అత్తో ఉన్నారని రాశారు. హైదరాబాద్ హాస్టల్ కంటే అది పెద్ద బలం, దాన్ని లెక్కలో వేసుకోండి.

చేరకూడని సందర్భాలూ ఉన్నాయి. ఆ కంపెనీలో రెండో కేటగిరీ పైన ఉన్న అనలిస్టు ఒక్కరైనా లేకపోతే మీకు నేర్పేవాళ్ళు లేనట్టే. పని అంతా సెన్సార్లు అమ్మడమే అయితే అది సేల్స్ ఉద్యోగం, పేరు వేరే. జీతం 21,000 లోపు అయితే ఈఎస్‌ఐ ఉందా, అంతకంటే ఎక్కువైతే ప్రమాద బీమా ఉందా అడగండి. ఫీల్డ్‌కి బండి మీద వెళ్ళమంటారా, జీపు ఇస్తారా తేల్చుకోండి. వీటికి జవాబులు తడబడుతూ వస్తే తొందరపడకండి, ఇదే పని ఇంకో కంపెనీలో దొరుకుతుంది.

బాండు గురించి. రెండేళ్ళు ఈ పనిలో నేర్చుకోవడానికి ఎలాగూ కావాలి, కాబట్టి గడువు అన్యాయం కాదు. కానీ మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం వాళ్ళు మీ మీద పెట్టే శిక్షణ ఖర్చుకి తగ్గట్టు ఉండాలి, నెలలు గడిచేకొద్దీ తగ్గాలి. ఒకటో కేటగిరీ కోర్సు, పరీక్ష ఫీజు కంపెనీ కడుతుందని అందులోనే రాయించండి. ఖాళీలు ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకండి. చూపించి, అటెస్టెడ్ జిరాక్సులు ఇచ్చి రండి. ఒరిజినల్స్ ఇస్తేనే చేర్చుకుంటాం అంటే, ఆ ఒక్క కంపెనీని వదిలేయండి, ఈ లైన్‌ని వదిలేయకండి. ఆ కాగితంలో ఏముందో ఇక్కడ రాస్తే, కంపెనీ పేరు లేకుండా, చూసి చెబుతాను.